మాది పలాస, మేడమ్

సోమవారం, జూలై 28

మబ్బు పట్టింది కానీ వాన పడలేదు. రోజంతా ఉక్కపోత. రైతుబజారు నుంచి ఆనపకాయ, బెండకాయలు తెచ్చి సంచి కింద పెట్టానో లేదో మా వాచ్‌మన్ వచ్చాడు. "అమ్మగారూ, మా అల్లుడు ఖతార్ ఎల్తన్నాడు. ఈ కాయితాలు ఓపాలి సూడండి" అన్నాడు. అల్లుడు సోంపేట వైపు కుర్రాడు, పైపు ఫిట్టరు. నేను మన ఎంబసీల్లో, అక్కడి మనవాళ్ళ అవసరాలు చూసే కాన్సులర్ సెక్షన్‌లో పనిచేసి రిటైరయ్యానని తెలిశాక విశాఖ ఎంవీపీ కాలనీలో మా వీధి గల్ఫ్ కాగితాలన్నీ నా దగ్గరికే వస్తున్నాయి. రానీ, అదే నాకు కావలసింది.

కుర్రాడు పదో తరగతి పాస్ కాలేదు, అందుకని పాస్‌పోర్టు ఈసీఆర్, ఎమిగ్రేషన్ చెక్ తప్పనిసరి అన్నమాట. అంటే మన ప్రభుత్వం ఇచ్చే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ లేకుండా ఖతార్‌లో పనికి వెళ్ళకూడదు. ఏజెంటేమో విజిట్ వీసా మీద పంపేస్తాను, అక్కడికెళ్ళాక మార్పిస్తాను అన్నాడట. ఒళ్ళు మండింది. అలా వెళ్ళినవాడి జీతం ఎగ్గొడితే చూపించుకోవడానికి చేతిలో ఒక్క కాగితం ఉండదు. కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైటు ఈ-మైగ్రేట్‌లో రిజిస్టరైన ఏజెంటు దగ్గరికే వెళ్ళమన్నాను. అలా పనికి వెళ్ళేవాళ్ళకుండే ప్రవాసీ భారతీయ బీమా గురించి కూడా వాళ్ళకి వివరంగా చెప్పాను. రెండేళ్ళకి 275 రూపాయలు కడితే, ప్రమాదంలో ప్రాణం పోయినప్పుడు ఇంటివాళ్ళకి 10 లక్షలు వస్తాయి. చావు మాట ఎత్తానని వాచ్‌మన్ భార్య నొచ్చుకుంది. అయినా చెప్పాలి. శవపేటికల కాగితాల మీద సంతకాలు పెట్టిన చేయి ఇది.

వాళ్ళు వెళ్ళాక మధ్యాహ్నం కునుకు పట్టలేదు. గల్ఫ్‌లో చూసిన పంద్రాగస్టులే గుర్తొచ్చాయి. ఎండ ముదరకముందే జెండా ఎగరేసేవాళ్ళం. రాయబారి రాష్ట్రపతి ప్రసంగం చదివేవారు. లేబర్ క్యాంపుల నుంచి తెల్లారకముందే బయల్దేరి, ఇస్త్రీ చొక్కాలు తొడుక్కుని వచ్చినవాళ్ళు వెనక వరసల్లో నిలబడేవాళ్ళు. ప్రసంగంలో సగం వాళ్ళకి అందేది కాదు. జనగణమన అందుకోగానే మాత్రం వాళ్ళ గొంతులే పైకి వినిపించేవి. తర్వాత లడ్డూ చేతిలో పట్టుకుని నా దగ్గరికొచ్చి, "మాది పలాస, మేడమ్" అనేవాడొకడు. ఆ వెనకే అసలు విషయం బయటికొచ్చేది: నెలల తరబడి జీతం లేదు, పాస్‌పోర్టు యజమాని దగ్గరుంది, అమ్మకి బాగోలేదు. ఆ లడ్డూల టేబుల్ దగ్గరే ఎన్నో ఫిర్యాదులు రాసుకున్నాను.

జనవరి 26 సాయంత్రం విందు సంగతి వేరు. హోటల్ హాలు, సూట్లు, పట్టుచీరలు, రెండు దేశాల జాతీయగీతాలు. ఆ దేశం తరఫున మంత్రి వస్తాడా, కింది అధికారిని పంపుతారా అని అందరి కళ్ళూ తలుపు మీదే ఉండేవి. మనతో సంబంధాలు ఎలా ఉన్నాయో దాన్నిబట్టి అంచనా వేసుకునేవాళ్ళం. ఇదంతా ఆడంబరమని కొట్టిపారేసేవాళ్ళతో నేను ఒప్పుకోను. 2015లో యెమెన్ మీద సౌదీ కూటమి బాంబులు వేస్తున్నప్పుడు, మన విమానాలు దాని రాజధాని సనాలో దిగడానికి సౌదీ వాళ్ళు రోజుకి కొన్ని గంటలు వీలిచ్చారు. అలా ఆకాశం నుంచీ, సముద్రం మీంచీ 4,600 మందికి పైగా మనవాళ్ళని తెచ్చుకున్నాం. మరో 41 దేశాల వాళ్ళని కూడా మనమే బయటపడేశాం. మామూలు రోజుల్లో పెంచుకున్న పరిచయాలు లేకపోతే అలాంటి వేళ ఫోన్ ఎత్తేవాడెవడు?

సాయంత్రం బీచ్ రోడ్డులో నడిచాను. కురుసుర జలాంతర్గామి, ఎదురుగా టీయూ-142 విమానం, రెండూ సోవియట్ తయారీవే. మన ఉక్కు ఫ్యాక్టరీ కూడా వాళ్ళ సాయంతోనే లేచింది. 2016 ఫిబ్రవరిలో అంతర్జాతీయ నౌకా సమీక్షకి ఇదే సముద్రంలో అమెరికా యుద్ధనౌకలూ, చైనా యుద్ధనౌకలూ ఒకేసారి లంగరేశాయి. అందరితో మాట కలిపి ఉంచుకోవడాన్ని టీవీ చర్చల్లో గోడమీద పిల్లివాటం అంటుంటారు. గొడవ జరుగుతున్న చోట మనవాళ్ళు లక్షల్లో ఉన్నప్పుడు ఏదో ఒక పక్షానికి తలుపు మూసేయడం ఎలా కుదురుతుందో ఆ మాట అనేవాళ్ళు చెప్పాలి.

రాత్రి అన్నం తింటుంటే ఫోన్. నా దగ్గర పని నేర్చుకున్న అమ్మాయి, ఇప్పుడు గల్ఫ్‌లోనే ఒక ఎంబసీలో ఉంది. "మేడమ్, ఈసారి పంద్రాగస్టు సాంస్కృతిక కార్యక్రమంలో తెలుగువాళ్ళకి పది నిమిషాలు ఇచ్చారు. కూచిపూడి పెట్టేద్దామా?" అంది. పోయిన నెల ఇక్కడ ఆర్కే బీచ్‌లో యోగా దినోత్సవానికి వచ్చిన జనాన్ని చూసి ఎంత సంతోషించానో చెప్పాను. 2014లో ఐక్యరాజ్యసమితిలో ఆ తీర్మానాన్ని 177 దేశాలు బలపరిచాయి. సంస్కృతి పేరుతో దేశాల్ని ఒకచోటికి తేవచ్చని అప్పుడు కళ్ళారా చూశాం. కానీ ప్రతిసారీ యోగా, శాస్త్రీయ నృత్యం, బిర్యానీ స్టాలు, అంతేనా? నేను పనిచేసిన ఏ ఊళ్ళోనూ ఎంబసీ వేదిక మీద మన్యం గిరిజనుల థింసా నృత్యం చూడలేదు, తప్పెట గుండెకి కట్టుకుని ఆడే తప్పెటగుళ్ళు వినలేదు. కూచిపూడి మీద నాకు ప్రేమ లేక కాదు. ఆ వెనక వరసల్లో నిలబడే శ్రీకాకుళం, విజయనగరం కుర్రాళ్ళలో తప్పెట కట్టి ఆడినవాళ్ళు తప్పకుండా ఉంటారు. వాళ్ళనెవరూ అడగరు, అంతే.

"అడిగి చూడు" అన్నాను. "తప్పెట్లు ఎక్కణ్ణుంచి తేను మేడమ్?" అంది. ఇక్కణ్ణుంచి పంపిస్తాను, విజయనగరంలో తెలిసినవాళ్ళున్నారు, రేపు పొద్దున్నే కనుక్కుంటాను అని మాటిచ్చాను. రిహార్సల్ మాత్రం కుర్రాళ్ళు డ్యూటీ దిగాక పెట్టుకోమన్నాను. క్యాంపులు ఊరికి దూరం కాబట్టి ఎంబసీ వ్యాను పంపమన్నాను. వ్యాను సంగతి పైవాళ్ళని అడిగి శుక్రవారంలోగా చెబుతానంది.