రీడ్ మోర్

ఆదివారం, రాత్రి 9.30

పొద్దున్న ఐదింటికి శ్రీకాకుళం ఆర్టీసీ కాంప్లెక్సు దగ్గర మంకీ క్యాప్ పెట్టుకుని, మెడలో బైనాక్యులర్స్ వేలాడేసుకుని నేనొక్కణ్ణే నిలబడ్డాను. పక్షుల్ని చూడ్డానికి వెళ్ళే మా వాట్సాప్ గ్రూపులో ఇరవై ముగ్గురం ఉన్నాం. ఓ ఐదుగురైనా వస్తారనుకున్నాను. టెక్కలి బస్సు ఒకటి వెళ్ళిపోయింది. రెండో టీ కూడా అయిపోయింది. ఐదున్నరకి ఆగలేక మాస్టారికి ఫోన్ చేశాను.

"ఏటి బాబూ, ఇంత పొద్దున్నే?"

"తేలినీలాపురం కదండీ ఇవాళ. గురువారం గ్రూపులో పెట్టాను కదా."

"సూసినాను. సైబీరియా గురించి కదా నువ్వు రాసీసినావు?"

ఫోన్ పెట్టేసి నా మెసేజ్ నేనే తెరిచి చూసుకున్నాను. కాస్త కనిపించి, కింద నీలం రంగులో 'రీడ్ మోర్'. నొక్కితే ఇంకాస్త వచ్చి మళ్ళీ 'రీడ్ మోర్'. మొదలే సైబీరియాతో ఎత్తుకున్నాను. టెక్కలి దగ్గర తేలినీలాపురం చెట్ల మీద గూళ్ళు కట్టే పెలికాన్లు (గూడబాతులు) సైబీరియా నుంచి వస్తాయని ఏటా ఎవరో ఒకరు రాస్తూనే ఉంటారు, నాకేమో ఒళ్ళు మండుతుంది. మచ్చలముక్కు పెలికాన్ మన దక్షిణాసియా, దానికి తూర్పున ఉన్న దేశాల పక్షి. సైబీరియా మొహం అది చూసిందీ లేదు. ఇదంతా విడమర్చి, ఆ తర్వాత పెయింటెడ్ స్టార్కులనే కొంగల దగ్గరికొచ్చి, అవి ఏ నెలలో వస్తాయో రాసి, పోయినేడు మేం తిన్న ఉప్మా గురించి కూడా రాసి (అదెందుకు రాశానో ఇప్పటికీ తెలీదు), అట్టడుగున ఒక్క ముక్క: "ఆదివారం ఐదింటికి కాంప్లెక్సు దగ్గర కలుద్దాం." అంత దూరం దిగినవాళ్ళెవరూ లేరు. బొటనవేళ్ళు మాత్రం తొమ్మిది పడ్డాయి.

మొదట కోపమొచ్చిన మాట నిజమే. తర్వాత ఒక్కొక్కరూ గుర్తొచ్చారు. ఒకతను ఆటో నడుపుతాడు, బేరానికీ బేరానికీ మధ్యే ఫోన్ చూసేది. ఇంకొకతను నౌపడ ఉప్పు మడుల్లో పని చేస్తాడు, ఎండకి తెర కనిపించక అరచెయ్యి అడ్డం పెట్టుకుని చదువుతాడు. అతనికి మూడుసార్లు 'రీడ్ మోర్' నొక్కే పని పెట్టాను నేను.

బటన్ ఫోన్ రోజుల్లో ఈ బాధ లేదు. ఎస్సెమ్మెస్ ఇంగ్లీషులో అయితే 160 అక్షరాలు, తెలుగులో అయితే 70 మాత్రమే. ఆ 70 కూడా మన లెక్క కాదు. 'శ్రీకాకుళం' మనకి నాలుగక్షరాలు. ఫోను మాత్రం వత్తునీ గుణింతాన్నీ సున్నానీ విడివిడిగా లెక్కేసి పది అంటుంది. ఊరి పేరు రాస్తేనే ఏడోవంతు అయిపోయేది. 2013 జూలైలో ఆగిపోయిన టెలిగ్రామ్‌కైతే మాటకింత అని డబ్బులు కట్టాలి. ఉప్మా గురించి ఎవడు రాస్తాడు?

సరే, ఒక్కణ్ణే వెళ్ళాను. ఊళ్ళో చింతచెట్ల కింద మంచు ఇంకా విడలేదు, చేపల కంపు మాత్రం ముందే తగిలింది. ఒక్క చెట్టు మీదే పదకొండు గూళ్ళు. పిల్ల పెలికాన్ తల్లి ముక్కు కింది సంచిలోకి తలంతా దూర్చేసింది, మెడ దాకా. కాసేపు అది తింటోందో తల్లే దాన్ని మింగేస్తోందో తెలీలేదు. తల బయటికి తీసి రెక్కలు కొట్టుకుని, మళ్ళీ దూర్చింది. తల్లి నోరు తెరుచుకుని కళ్ళు మూసుకుని నిలబడింది. టీ కొట్టు అప్పని, "ఈ కంపు ఎలా భరిస్తారు?" అని అడిగితే, "పురుడుకొచ్చిన ఆడపిల్లల్ని ఎలగొట్టేత్తామేటి బాబూ?" అంది.

సాయంత్రం ఇంటికొచ్చి ఈసారి పొట్టిగా రాద్దామని కూర్చున్నాను. "తేలినీలాపురం. 11 గూళ్ళు." అంతే, పంపేశాను. అరగంటలో ప్రశ్నలు మొదలయ్యాయి. ఏ చెట్టు? ఏ పక్షి? పిల్లలున్నాయా? ఎన్నింటికి చూశావు? పదకొండేనా, పోయినేడు ఎక్కువ కదా? ఒక్కొక్కరికీ జవాబు రాసేసరికి గురువారం మెసేజ్ కంటే ఎక్కువే అయింది, పైగా ఇరవై ముగ్గురి ఫోన్లూ టింగుటింగుమంటూనే ఉన్నాయి.

చివరికి దాన్ని చెరిపేసి ఇలా పెట్టాను: "తేలినీలాపురం, ఆదివారం పొద్దున్న 8. చెరువు పక్క చింతచెట్టు మీద పెలికాన్ గూళ్ళు 11, పిల్లలున్నాయి. మళ్ళీ వచ్చే ఆదివారం వెళ్తున్నాను, వచ్చేవాళ్ళు చెప్పండి." టీ కొట్టు అప్ప మాట కూడా రాయాలని చెయ్యి పీకింది. దాన్ని వేరే మెసేజ్‌గా కింద పెట్టాను, కావలసినవాళ్ళు చదువుకుంటారని. తీరా చూస్తే అందరూ నవ్వుతూ జవాబిచ్చింది దానికే.

ఇంతలో మాస్టారి దగ్గర్నుంచి వాయిస్ మెసేజ్. నాలుగు నిమిషాల పన్నెండు సెకన్లు. మెసేజ్‌లు క్లుప్తంగా ఉండాలని, తన సర్వీసులో రాసిన సెలవు చీటీల ఉదాహరణలతో సహా చెప్పుకొచ్చారు. రెండో నిమిషంలో ఫోన్ టేబుల్ మీద పెట్టి అన్నానికి లేచాను.

"చివర్న ఏదో టైం చెప్పారు, విన్నారా?" అంది మా ఆవిడ వంటింట్లోంచి.