క్రైఫ్ పేరు నోరు తిరగక తప్పిన పరీక్ష: నా అనుభవం

నిన్న సాయంత్రం డచ్ క్లాసు సర్టిఫికెట్ చేతికొచ్చింది. ఆమ్‌స్టర్‌డామ్‌లో డచ్ నేర్చుకోవాలనుకునే మనవాళ్ళకు పనికొస్తుందని వెంటనే రాస్తున్నాను.

చదవడం, వినడం, రాయడం కూర్చుని సాధన చేస్తే వచ్చేస్తాయి. చివర్లో అందరి ముందు నిలబడి ఒక డచ్ ప్రముఖుడి గురించి ఐదు నిమిషాలు మాట్లాడాలి. నేను ఫుట్‌బాల్ ఆటగాడు, కోచ్ యోహాన్ క్రైఫ్‌ను ఎంచుకున్నాను. 1971, 72, 73లో ఆమ్‌స్టర్‌డామ్ క్లబ్ అయాక్స్‌తో వరుసగా యూరోపియన్ కప్పులు (యూరప్ క్లబ్బుల పెద్ద టోర్నీ), 1974 ప్రపంచ కప్ ఫైనల్లో పశ్చిమ జర్మనీ చేతిలో 2-1 ఓటమి, 1992లో కోచ్‌గా బార్సిలోనాకు తొలి యూరోపియన్ కప్. అన్నీ బట్టీ పట్టాను.

మొదటి వాక్యంలో ఆయన పేరు రాగానే టీచర్ చెయ్యెత్తి ఆపింది. "మళ్ళీ చెప్పు." చెప్పాను. "మళ్ళీ." వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. అలా ఏడెనిమిది సార్లు చెప్పించింది. ఆ పేరు మధ్యలో ఉండే అచ్చు మన అక్షరమాలలోనే లేదు. ఆరు నెలల ఫీజు ముందే కట్టించుకున్నవాళ్ళు ఒక్క రోజైనా ఆ శబ్దం నేర్పారా? అడిగితే యాప్‌లో వినమన్నారు. ఆ టెన్షన్‌లో "డిప్లొమా చేసి అయాక్స్‌కు కోచ్ అయ్యారు" అనేశాను. "ఆయనకు డిప్లొమా లేదు" అంది. చెవులు వేడెక్కాయి, ఇంక నోట మాట రాలేదు. ఫెయిల్. రెండు వారాల తర్వాత మళ్ళీ రమ్మన్నారు.

ఆవిడ చెప్పింది నిజమే. 1985లో అయాక్స్ పగ్గాలు పట్టినప్పుడు ఆయనకు కోచింగ్ డిప్లొమా లేదు, అందుకే క్లబ్ టెక్నికల్ డైరెక్టర్ అనే హోదా ఇచ్చింది. 1987లో ఆ జట్టుకే కప్ విన్నర్స్ కప్ అనే మరో యూరప్ టోర్నీ సాధించిపెట్టాడు. బార్సిలోనాలో 1991 నుంచి 94 దాకా వరుసగా నాలుగు లీగ్ టైటిళ్ళు. కాగితం చూసి మనిషిని కొలిచేవాళ్ళు ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోవాలి.

నాకు దారి చూపింది మా పక్కింటి పెద్దాయన. అద్దం ముందు నిలబెట్టి, "అ" అనడానికి నోరు తెరిచి, వెంటనే ఈల వేస్తున్నట్టు పెదాలు ముందుకు చాపమన్నారు. మూడో రోజుకు వచ్చింది. ఆదివారం ఆమ్‌స్టర్‌డామ్‌లోని బెటన్‌డార్ప్ అనే పేటకు తీసుకెళ్ళి క్రైఫ్ పెరిగిన వీధి చూపించారు. కాంక్రీటుతో కట్టిన చిన్న చిన్న ఇళ్ళు. అయాక్స్ పాత స్టేడియం అక్కడికి దగ్గర్లోనే ఉండేది. క్రైఫ్‌కు పన్నెండేళ్ళప్పుడే తండ్రి పోతే, తల్లి ఆ క్లబ్‌లోనే క్లీనింగ్ పని చేసి పిల్లల్ని పెంచింది.

రెండోసారి కాగితం పట్టుకోలేదు. ఆ తల్లితోనే మొదలుపెట్టి ఏడు నిమిషాలు మాట్లాడాను. టీచర్ ఒక్కచోట కూడా ఆపలేదు. మీరూ యాప్‌లను నమ్ముకోకండి, పక్కింటి తలుపు తట్టండి.

నిన్న సర్టిఫికెట్ తీసుకుని పెద్దాయన దగ్గరికే వెళ్ళాను. దాన్ని బల్ల మీద పెట్టి, ముందు ఆ పేరు అనమన్నారు. అన్నాను.