ఆదివారం విశ్రాంతి ఎవరికి?

మొన్న ఆదివారం మా చర్చి సంఘంలో విశ్రాంతి దినం మీద ప్రసంగం. దేవుడు ఏడో రోజు విశ్రమించాడు కాబట్టి మనమూ ఆ రోజు పని ఆపాలి అని బైబిల్లో నిర్గమకాండం 20వ అధ్యాయంలో ఉంటే, ద్వితీయోపదేశకాండం 5లో మాత్రం మీరూ ఐగుప్తులో (ఈజిప్టులో) దాసులుగా ఉన్నవాళ్లే కదా, మీ పనివాళ్లు కూడా మీలాగే విశ్రమించాలి అని ఉంటుంది, నాకెప్పుడూ ఈ రెండోదే గట్టిగా తగులుతుంది. ఎందుకంటే సరిగ్గా అదే టైములో వెనక రేకుల షెడ్డులో ప్రేమవిందుకి, అంటే సంఘమంతా కలిసి తినే భోజనానికి, ఉల్లిపాయలు తరుగుతున్న అక్కలకి ఆ ప్రసంగం మైకులో సగమే వినపడుతోంది! కానుకల సంచిలో నోటు వేయడం తేలికే. ఈసారి భోజనాలయ్యాక యూత్ కుర్రాళ్లం ప్యాంట్లు మడిచి గిన్నెలు తోమడానికి కూర్చున్నాం, అన్నం అడుగంటిన గుండిగ దగ్గర మాత్రం బాగా తంటాలు పడ్డాం లెండి. వచ్చే నెల కూరగాయలు తరిగే పని కూడా మాదేనని పాస్టరుగారి ముందే చెప్పేశాం, కత్తిపీట పట్టడం ఒక్కడికీ రాదు.