బీరువా తాళం

పరకాల, ములుగు ప్రాంతాల్లో పశువైద్యుడిగా పనిచేసిన ఏళ్లలో నాకు తాగుడు అలవాటైంది. ఈనలేక రాత్రంతా అల్లాడిన బర్రె గర్భంలోకి భుజం దాకా చెయ్యి పెట్టి, చచ్చిన దూడను ముక్కలుగా కోసి తీసి ఇంటికి చేరాక, ఎంత రుద్ది కడిగినా చేతిని వదలని ఆ వాసనతో నిద్ర పట్టేది కాదు. ఒక క్వార్టర్ తాగితే పట్టేది. తల్లీ దూడా బతికిన రోజున రైతే సంతోషంగా సీసా తెచ్చిపెట్టేవాడు, వద్దంటే చిన్నబుచ్చుకునేవాడు. 2022లో పశువుల ఒంటినిండా గడ్డలు లేచే లంపీ స్కిన్ వ్యాధి వచ్చి, టీకాలు వేస్తూ ఊరూరా తిరిగిన నెలల్లో క్వార్టర్ కాస్తా హాఫ్ అయింది.

మరుసటి వేసవిలో ఒక తెల్లవారుజామున, ఈనాక ఒంట్లో కాల్షియం తగ్గి వచ్చే పాలజ్వరంతో పడిపోయిన ఆవుకు కాల్షియం ఎక్కించవలసి వచ్చింది. ఆ 450 మిల్లీలీటర్ల సీసా మెడ నరంలోకి నెమ్మదిగా పోవాలి. తొందరపడితే గుండె ఆగిపోవచ్చు. నా చెయ్యి వణికి సూది మూడుసార్లు తప్పింది. ఆవు తలను ఒడిసిపట్టుకున్న ముసలమ్మ, "సారూ, చెయ్యి గట్ల వణుకుతాందేంది, చలి వెడుతాందా?" అని అడిగింది. అవునన్నాను. అది మే నెల.

ఆ రోజే ఎవరికీ చెప్పకుండా మానేశాను. ఏళ్ల తరబడి రోజూ తాగినవాడు ఒక్కసారిగా ఆపితే రెండు మూడు రోజుల్లోనే మూర్ఛలు రావచ్చని తెలిసి కూడా, వణుకు ఆగడానికి పశువుల మందుల బీరువాలో ఉన్న మత్తుమందు డయాజెపామ్‌ను నాకు నేనే ఎక్కించుకున్నాను. మా వృత్తిలో అన్నిటికంటే ప్రమాదకరమైనది ఇదేనని నా నమ్మకం: మోతాదు తెలుసు, తాళం మన దగ్గరే ఉంటుంది, అడిగేవారు ఉండరు. ఆ మందు చాలలేదు. మూడో రాత్రి మూర్ఛ వచ్చి పడిపోతే నా భార్య, మా అటెండరు కలిసి హనుమకొండకు తీసుకుపోయారు.

అక్కడ థయమిన్ (విటమిన్ బి1) సూదులు వేశారు, వణుకూ మూర్ఛలూ రాకుండా క్లోర్‌డయాజెపాక్సైడ్ మాత్రలను రోజురోజుకూ తగ్గిస్తూ ఇచ్చారు, ఆ తర్వాత తాగాలన్న కోరిక తగ్గడానికి నాల్‌ట్రెక్సోన్ మొదలుపెట్టారు. సైకియాట్రిస్టు సీసాల లెక్క ఒక్కసారే అడిగారు; చచ్చిన దూడల గురించి మాత్రం వారాల తరబడి అడిగారు. అంతవరకు ఆ మాట నన్ను అడిగినవారు లేరు. నిద్ర రాని రాత్రుల్లో ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడేవాణ్ని.

ఇప్పుడు బీరువా తాళం మా అటెండరు దగ్గర ఉంటుంది. డయాజెపామ్ బయటికి తీసిన ప్రతిసారీ ఏ పశువుకు ఎంత వాడామో రాసి, రిజిస్టరులో ఇద్దరమూ సంతకం చేస్తాం.