సీ డ్రైవ్ ఎర్రబడ్డాక నేను పడ్డ తిప్పలు

నా ల్యాప్‌టాప్‌లో ఉన్నది 256 జీబీ ఎస్ఎస్‌డీ, అంటే లోపల తిరిగే భాగాల్లేని చిప్ డ్రైవ్. మా చెల్లి పెళ్ళి వీడియోలు అందులో కాపీ చేసిన రోజే చోటు నిండిపోయి సీ డ్రైవ్ గీత ఎర్రబడింది, ఇక ఏది ఓపెన్ చేసినా మూలుగుతూ నడవడమే.

ముందు నేను చేసిన వెధవ పని చెప్తా. ఆన్‌లైన్‌లో 2 టీబీ పెన్‌డ్రైవ్ 800 రూపాయలకే కనిపిస్తే ఆర్డర్ పెట్టేశా. గుచ్చగానే 2 టీబీ అనే చూపించింది, కాపీ కూడా అయిపోయింది, తీరా చూస్తే సగం వీడియోలు ఓపెనే అవ్వట్లేదు. లోపల చిప్ చిన్నదే, దాన్ని నడిపే లోపలి ప్రోగ్రామ్, అదే ఫర్మ్‌వేర్, మాత్రం 2 టీబీ అని అబద్ధం చెప్తుంది, అసలు చోటు అయిపోయాక వచ్చే ఫైల్స్ గాల్లో కలిసిపోతాయి లేదంటే పాతవాటి మీదే రాసేస్తుంది. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అని ఫ్రీ టూల్ ఒకటుంది, డ్రైవ్‌ని నింపి మళ్ళీ చదివి చూస్తుంది, దాంతో చూస్తే ఉన్నది 60 జీబీ చిల్లర! ఒరిజినల్స్ ల్యాప్‌టాప్‌లో ఇంకా తీసెయ్యలేదు కాబట్టి బతికిపోయా.

శనివారం సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి, అదే మన సీటీసీకి పోయా. షాపులో కుర్రాడు ఒక్కటే అడిగాడు, "అన్నా, దీంట్ల దాచిపెట్టుకుంటవా, దీని మీదనే పని చేస్తవా?" అసలు విషయమంతా ఈ ప్రశ్నలోనే ఉంది. ఎడిటింగ్ నేరుగా డ్రైవ్ మీదే చేసేవాళ్ళకి, బ్యాగ్‌లో పడేసుకుని తిరిగేవాళ్ళకి ఎస్ఎస్‌డీ, సెకనుకి 500 ఎంబీ దాకా లాగుతుంది, కింద పడ్డా తట్టుకుంటుంది, కాకపోతే రేటు ఎక్కువ. బీరువాలో పెట్టుకునేదానికి మామూలు హార్డ్ డిస్క్ చాలు, 100 ఎంబీ అటూ ఇటూ వస్తుంది, కానీ లోపల పళ్ళెం తిరుగుతున్నప్పుడు మాత్రం చెయ్యి జారిందా, అంతే సంగతులు.

నాది దాచుకునే కేసే. అయితే కొత్తది కూడా కొనలేదు, అటక మీద చచ్చిపోయిన పాత ల్యాప్‌టాప్ ఉంది, దాని 500 జీబీ డిస్క్ ఊడదీసి 400 రూపాయల లోపు దొరికిన యూఎస్‌బీ కేసింగ్‌లో, అంటే డిస్క్‌ని బయటి డ్రైవ్‌లా వాడుకునే డబ్బాలో పెట్టేశా. దీనికి ముందు క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఫ్రీ టూల్‌లో డిస్క్ హెల్త్ చూసుకోండి, పసుపో ఎరుపో వస్తే దాన్ని నమ్మొద్దు. కేసింగ్ యూఎస్‌బీ 3.0దే తీసుకోండి, 2.0 అయితే సెకనుకి 40 ఎంబీ దాటదు, 200 జీబీ ఎక్కించడానికి గంటన్నర కూర్చోవాలి. ఫార్మాట్, అంటే డిస్క్‌లో ఫైల్స్ సర్దే పద్ధతి, ఎక్స్‌ఫ్యాట్ పెట్టా, విండోస్‌లోనూ మ్యాక్‌లోనూ నడుస్తుంది, ఫ్యాట్32లో అయితే 4 జీబీ దాటిన ఫైల్ పట్టదు, పెళ్ళి వీడియోలు ఎక్కడ ఆగుతాయి 4 జీబీలో!

500 జీబీ డిస్క్ పెడితే విండోస్ 465 జీబీయే చూపించింది. కంపెనీవాళ్ళు వెయ్యి లెక్కన కొలుస్తారు, విండోస్ 1024 లెక్కన, అంతకుమించి ఏం పోలేదు.

పాత డిస్క్ ఒక్కదాన్నే నమ్ముకుని పడుకోలేం కదా, ఇంకో కాపీకి చెల్లి కోసం మంచి బ్రాండ్‌ది 1 టీబీ బిల్లుతో, వారంటీతో కొన్నా. ఇంటికెళ్ళి ఫోన్ చేసింది, "అన్నయ్యా, ఇందులో 931 జీబీయే చూపిస్తోంది, మళ్ళీ మోసపోయావా?"