కువైట్ షిఫ్టులో ఉండి ఉద్దానం ఇంటిని కనిపెట్టుకోవడం

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోని కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం వైపు నుంచి గల్ఫ్‌కి వచ్చినవాళ్లకి, ఊళ్లో ఉన్న అమ్మానాన్నల్ని కనిపెట్టుకోవడానికి ముందుగా తోచేది కెమెరా. వద్దు. పన్నెండు గంటల డ్యూటీలో దాన్ని చూస్తూ కూర్చోలేం, అమ్మానాన్నలకీ అది ఇబ్బందే. పెరటి తలుపుకి డోర్ సెన్సర్, వంటగదిలో మోషన్ సెన్సర్, రెండింటినీ వైర్లు లేకుండా కలిపే జిగ్బీ హబ్ అనే చిన్న పెట్టె చాలు.

అయస్కాంతం తలుపు రెక్కకి, సెన్సర్ ద్వారబంధానికి బిగించాలి. తలుపు వేసినప్పుడు మధ్య ఖాళీ సెంటీమీటరు దాటకూడదు. వానాకాలం చెక్క ఉబ్బి రెక్క పూర్తిగా పడదు, అప్పుడు వేసిన తలుపు కూడా తెరిచినట్టే కనిపిస్తుంది. మోషన్ సెన్సర్‌ని సున్నం గోడకి అతికిస్తే ఊడిపోతుంది, స్క్రూ వేయించండి. అది పసిగట్టేది ఒంటి వేడికీ గది వేడికీ ఉన్న తేడాని. మే నెల మధ్యాహ్నం రేకుల ఇంట్లో ఆ తేడా దాదాపు ఉండదు, మనిషి తిరుగుతున్నా పట్టుకోలేదు. అందుకే నాకు తలుపు మీదే ఎక్కువ నమ్మకం.

కదిలినప్పుడల్లా మెసేజ్ పెట్టుకుంటే నాలుగు రోజులకే చూడటం మానేస్తాం. ఉదయం 7 లోపు పెరటి తలుపు తెరుచుకోకపోతేనే రావాలి. చాలా చౌక యాప్‌లలో ఈ ‘జరగకపోతే’ షరతు ఉండదు, హోమ్ అసిస్టెంట్ అనే సాఫ్ట్‌వేర్‌లో పెట్టుకోవచ్చు. ఊళ్లో 7 అంటే కువైట్‌లో తెల్లవారుజాము 4:30, మనం నిద్రలో ఉంటాం. కాబట్టి అదే మెసేజ్ పక్కింటి మావయ్య ఫోన్‌కీ వెళ్లాలి, ఇంటి రెండో తాళంచెవి ఆయన దగ్గరే ఉండాలి. ఇది లేకపోతే మిగతాదంతా దండగే.

రౌటర్‌కీ హబ్‌కీ చిన్న యూపీఎస్ పెట్టించండి. 2018 అక్టోబరు తిత్లీ లాంటి తుపానుకి అదీ చాలదు, కరెంటుతోపాటు నెట్ కూడా పోతుంది. ‘హబ్ ఆగిపోయింది’ అనే మెసేజ్ వేరుగా పెట్టుకుంటే అనవసరంగా కంగారుపడం.

అమ్మానాన్నలకి స్మార్ట్‌వాచీ కొనేముందు ఒక్క మాట. ఉద్దానంలో కిడ్నీ జబ్బు లేని ఊరు అరుదు. డయాలసిస్ కోసం ఫిస్టులా వేసిన (ఆపరేషన్‌తో రక్తనాళాలు కలిపిన) చేతికి వాచీ పెట్టకూడదు, బీపీ పట్టీ చుట్టకూడదు, రెండూ అవతలి చేతికే. బీపీకి వాచీ అంకెని నమ్మకండి. మోచేతి పైన దండకి చుట్టే మిషన్‌తో, ఐదు నిమిషాలు కదలకుండా కూర్చున్నాక చూడాలి. పడిపోతే కబురు పెట్టే వాచీని స్నానానికి వెళ్లేముందు చార్జింగ్‌కి పెట్టడం అందరికీ అలవాటు. జారిపడేది అక్కడే. సాయంత్రం టీవీ చూసేటప్పుడు పెట్టమనండి.

డయాలసిస్ రోజున చీకటితోనే బయల్దేరతారు. తలుపు తెరుచుకుందా లేదా అని చూసే లెక్క ఉదయం 5 నుంచి మొదలైతే ఆ రోజు ఉత్తుత్తి మెసేజ్ వస్తుంది. 3 నుంచే మొదలుపెట్టండి.