కనబడటం లేదని ఒక సర్టిఫికెట్

శ్రీలంకలో 2016లో చట్టం మార్చి ఒక వింత కాగితం ఇవ్వడం మొదలుపెట్టారు. మనిషి చనిపోయాడని కాదు, బతికున్నాడనీ కాదు, కనబడటం లేదని. 2009 మేలో ఎల్టీటీఈ తమిళ పులులతో యుద్ధం ముగిసిన రోజుల్లో కొడుకు ఆర్మీకి లొంగిపోవడం కళ్ళారా చూసిన తల్లిని డెత్ సర్టిఫికెట్ తీసుకోమంటే ఎలా తీసుకుంటుంది? తీసుకుంటే వాడు పోయాడని తనే ఒప్పుకున్నట్టు, తీసుకోకపోతే బ్యాంకు ఖాతా, భూమి కాగితాలు అన్నీ ఆగిపోతాయి. ఆ చిక్కు విప్పడానికే ఈ కాగితం.

ఇది ఊరికే రాలేదు, జెనీవా ఒత్తిడి ఉంది, అంటే అక్కడ కూర్చునే ఐరాస మానవ హక్కుల మండలిది. అలాగని జెనీవాని మరీ పొగడాల్సిన పనీ లేదు లెండి. యుద్ధం ముగిసిన వారం పది రోజులకే ఆ మండలి శ్రీలంకని దాదాపు మెచ్చుకుంటూ తీర్మానం చేసింది, మన దేశం కూడా దానికి ఓటేసింది. స్వరం మారింది 2012లో. 2015కి వచ్చేసరికి కొలంబోలో ప్రభుత్వం మారి, తీర్మానానికి శ్రీలంకే సహ ప్రతిపాదకురాలైంది: సత్య కమిషన్, తప్పిపోయినవారి ఆఫీసు, నష్టపరిహారం, విదేశీ జడ్జీలు కూడా ఉండే న్యాయ విచారణ. ఆఫీసులు వచ్చాయి, ఆ విచారణ మాత్రం రాలేదు. 2020లో, యుద్ధకాలంలో రక్షణ శాఖ కార్యదర్శిగా ఉన్న గోటబయ రాజపక్స అధ్యక్షుడయ్యాక, ఆ సహ ప్రతిపాదన నుంచే తప్పుకున్నారు.

నాకు అన్నిటికంటే పనికొచ్చేదిగా కనిపించేది 2021 తీర్మానం. సాక్ష్యాలు సేకరించి భద్రపరిచే పని ఐరాస మానవ హక్కుల కార్యాలయానికే అప్పగించింది, అంటే కొలంబోలో ఎవరు గెలిచినా ఫైలు మాత్రం ఉంటుంది. మన దేశం ఆ రోజు ఓటింగ్‌కి దూరంగా ఉంది. తమిళుల గురించి అంత మాట్లాడే మనం!

ఉత్తర శ్రీలంకలోని కిళినొచ్చిలో అలాంటి తల్లులు 2017 ఫిబ్రవరి నుంచి ఫొటోలు పట్టుకుని రోడ్డు పక్కన కూర్చున్నారు, ఎందరో ఆ ఎదురుచూపులోనే పోయారు. తప్పిపోయినవారి ఆఫీసుని వాళ్ళలో చాలామంది నమ్మరు. నమ్మకపోవడం మొండితనం అనే వాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఎన్ని కమిషన్లకని అదే కథ మళ్ళీ మొదటి నుంచి చెబుతారు?

2025లో జాఫ్నా దగ్గర చెమ్మణిలో తవ్వితే రెండు వందలకు పైగా అస్థిపంజరాలు బయటపడ్డాయి. ఒక చిన్న పిల్ల స్కూలు బ్యాగు, బొమ్మ కూడా. ఆగస్టులో ఆ బట్టలూ వస్తువులూ పరిచి, ఎవరైనా గుర్తుపడతారేమో వచ్చి చూడమన్నారు.